వేళ్లదా, వాల్వులదా?

మా బావమరిది కామేశ్వరరావు బెజవాడ గవర్నరుపేటలో ఏళ్ల తరబడి రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేశాడు. పెళ్లిళ్లకీ, శ్రీరామనవమి పందిళ్లకీ మైకుసెట్లు కట్టిన చెయ్యి అది. మా అమ్మాయి స్రవంతి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికితే ఒక బ్యాండులో గిటారు వాయిస్తుంది. ఆయన గిటారు ముట్టుకోడు, ఇది సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోదు. ఇద్దరికీ క్వీన్ బృందం గిటారిస్టు బ్రయాన్ మే అంటే మహా ఇష్టం, కాబట్టి దెబ్బలాటంతా అతని మీదే. లోకంలో ఈ వాదం వస్తే కుర్రకారు సామాన్ల వైపు, పెద్దవాళ్లు సాధన వైపు నిలబడతారు. మా ఇంట్లో అది తిరగబడింది. మొన్న పండక్కి కలిసినప్పుడు విన్నదాంట్లో అరుపులూ, నా ఉచిత సలహాలూ తీసేసి మిగతాది రాస్తున్నాను.

స్రవంతి: నాది ఒకటే మాట, మావయ్యా. ఆ రికార్డుల్లో వినపడేది మనిషి. గిటారు, యాంపు, పెడలు అన్నీ అంగడి సరుకు. మా బ్యాండులో ఒకతను జీతం రాగానే కొత్త పెడలు కొంటాడు. వాయింపు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

మావయ్య: అంగడి సరుకు అన్నావు చూడు, అక్కడే దొరికిపోయావు. అతని గిటారు ఏ అంగట్లోనూ కొన్నది కాదే! 1963లో మొదలుపెట్టాడు. అప్పుడతనికి పదహారేళ్లు. ఫెండరో గిబ్సనో కొనే తాహతు ఇంట్లో లేదు. తండ్రి హెరాల్డ్ మే ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి. ఇద్దరూ కలిసి ఇంట్లోనే దాదాపు రెండేళ్లు కష్టపడి చేసుకున్నారు. గిటారు మెడ ఎక్కడిదనుకున్నావు? పాతకాలపు ఇంట్లో చలిపొయ్యి చుట్టూ బిగించే మహాగనీ చెక్క. పురుగు తొలిచిన బొక్కల్లో అగ్గిపుల్లలు దూర్చి మూశారు. మెడ మీది చుక్కలు ముత్యపుచిప్ప గుండీలు అరగదీసినవి. మొత్తం ఖర్చు ఎనిమిది పౌన్లో ఏమో. ఆ 'రెడ్ స్పెషల్'నే ఇవాళ్టికీ వాయిస్తున్నాడు.

స్రవంతి: ఈ కథ క్వీన్ అభిమానులందరికీ కంఠోపాఠం. నాకూ ఇష్టమే. కానీ కథ వేరు, శబ్దం వేరు. పొయ్యి చెక్కయితే ఏం, గుమ్మం చెక్కయితే ఏం? చెవికి తెలుస్తుందా?

మావయ్య: చెక్క మీద నేనూ ప్రమాణం చెయ్యను. ట్రెమెలో సంగతి అడుగు, చెబుతాను. కడ్డీ నొక్కితే తీగలన్నీ ఒక్కసారి వదులై శ్రుతి కిందికి జారుతుంది కదా. ఆ రోజుల్లో గిటార్లతో వచ్చిన చిక్కేమిటంటే, కడ్డీ వదిలేశాక శ్రుతి పాత చోటికి రాదు. ఎక్కడో ఒకచోట రాపిడి పట్టేస్తుంది. వీళ్లు ఆ పలకని గట్టిపరిచిన ఉక్కు కత్తి అంచు మీద తక్కెడ దండెలా నిలబెట్టారు. తీగలు ముందుకి లాగుతుంటే వెనక్కి లాగడానికి రెండు స్ప్రింగులు. అవి 1928 నాటి పాంథర్ మోటారుసైకిలు ఇంజను వాల్వుల మీద ఉండేవి. బ్రిడ్జి దగ్గర తీగ ఒరుసుకోకుండా చిన్న రోలర్లు. కడ్డీ ఏమో సైకిలుకి సంచీ తగిలించే ఊచ, దాని కొసకి వాళ్లమ్మ అల్లిక సూది ముక్క. ఇంత చేసింది దేనికి? ఎంత ఊపినా శ్రుతి చెడదని ధైర్యం ఉంటేనే చెయ్యి అలా ఊపుతుంది.

స్రవంతి: ఊపేది చెయ్యే కదా మరి!

మావయ్య: ధైర్యం ఇచ్చింది స్ప్రింగు.

(ఇక్కడ కాసేపు ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినలేదు. ఆ భాగం రాయడం అనవసరం.)

మావయ్య: సరే, పికప్పుల దగ్గరికి రా. మొదట తనే కాయిల్ చుట్టుకున్నాడు. తీగ పక్కకి వంచి వాయిస్తే వాటితో శబ్దం సరిగ్గా రాలేదు. అప్పుడు బర్న్స్ కంపెనీ ట్రై-సోనిక్‌లు మూడు కొన్నాడు. గిటారు మొత్తంలో కొన్న వస్తువులంటే ఇలాంటివే. కొని ఊరుకున్నాడా? లోపల కాయిల్ కదిలితే పెద్ద శబ్దంలో కీచుమంటుందని అరల్డైట్ పోసి బిగించేశాడు. తర్వాత వైరింగు. మామూలు గిటార్లలో పికప్పుల్ని ప్యారలల్‌లో కడతారు. ఇతను సిరీస్‌లో కట్టాడు. రెండు కలిపితే వోల్టేజి కూడుతుంది, శబ్దం నడుం దగ్గర లావెక్కుతుంది. ఒక్కో పికప్పుకి రెండు స్విచ్చులు, ఒకటి ఆన్-ఆఫ్‌కి, ఇంకోటి ఫేజు తిప్పడానికి. మొత్తం ఆరు. రెండు పికప్పులు ఎదురు ఫేజులో పెట్టావంటే, రెండింటిలోనూ ఒకేలా ఉన్న కింది భాగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మిగిలినది ముక్కుతో పాడినట్టు సన్నగా, పదునుగా వస్తుంది. 'బొహీమియన్ రాప్సొడీ' సోలోలో ఆ గొంతు ఆ స్విచ్చుదే. మెడ దగ్గరిదీ మధ్యదీ ఎదురు ఫేజులో పెట్టాడు.

స్రవంతి: ఆ సోలో దగ్గరికి నువ్వే వచ్చావు, మంచిది. క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ పాడిన వరసనే గిటారు మీద మళ్లీ వాయించి ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. బ్రయాన్ అలా చెయ్యలేదు. అవే కార్డ్స్ మీద కొత్త వరస కట్టాడు, ముందు మనసులో పాడుకుని తర్వాత వాయించాడు. అందుకే నువ్వు ఆ సోలోని కూనిరాగం తియ్యగలవు. ఏ స్విచ్చు ఎటుందో తెలియని వాళ్లు కూడా తియ్యగలరు. అది స్విచ్చు పనా?

మావయ్య: వరస అతనిది, గొంతు స్విచ్చుది. బాలు గొంతులో వినాల్సిన పాట ఇంకొకరు పాడితే వరస మారదు కదా, నీకు పట్టదు కదా!

స్రవంతి: బాలు గొంతు బాలులో ఉంది, మావయ్యా. స్టూడియో మైకులో లేదు.

(ఈ దెబ్బ మా అమ్మాయిదే. కామేశ్వరం రెండు నిమిషాలు కాఫీ మీద పడ్డాడు. కానీ అతను అసలు సరుకు ఇంకా బయటికి తియ్యలేదు.)

మావయ్య: యాంపు గురించి మాట్లాడదాం. అప్పటికి బ్రయాన్ కుర్రాడు, లండన్లో మార్కీ క్లబ్బుకి పాటలు వినడానికి పోతుండేవాడు. అక్కడ 'టేస్ట్' అనే బృందంలో రోరీ గాలహర్ అనే ఐర్లండు వాడు వాయించాడు. ఆ శబ్దానికి పిచ్చెక్కి, ఆట అయ్యాక పోయి ఏం వాడతారని అడిగేశాడు. రెండే వస్తువులు, ఒకటి వాక్స్ ఏసీ30 యాంపు, రెండోది డల్లాస్ రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టరు డబ్బా. ఆ డబ్బా కాలి కింద పెట్టేది కాదు, యాంపు నెత్తిన పెట్టేది. విప్పితే లోపల ఏముంటుంది? ఒక్క జెర్మేనియం ట్రాన్సిస్టరు, ఓసీ44. వేళ్ల మీద లెక్కపెట్టే కండెన్సర్లు, రెసిస్టర్లు, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ. మా షాపులో పిల్లాడు భోజనానికి వెళ్లేలోపు చేసి పెడతాడు.

స్రవంతి: అదే కదా నేను చెప్పేది. అంత తేలిక వస్తువుకి అంత గొప్పెందుకు?

మావయ్య: తేలికే, కానీ ఎక్కడ పెట్టారో చూడు. లోపలికి వచ్చే దారిలో కండెన్సర్ బొత్తిగా చిన్నది, 5 నానోఫారడ్లు. అది కింది స్వరాల్ని రానివ్వదు, పైవాటిని వదులుతుంది. వాటిని ట్రాన్సిస్టరు పెంచుతుంది. ఇటు ఏసీ30 ఏమో నార్మల్ చానల్లో వాల్యూం చివరికంటా తిప్పేసి ఉంది. నాలుగు ఈఎల్84 వాల్వులు అప్పటికే గరగరకి సిద్ధంగా ఉన్నాయి. పందిట్లో మైకుసెట్టు మితిమీరి పెంచితే ఏమవుతుంది? ముందు బాస్ చెడుతుంది. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా సన్నాయి కూడా దాంతోపాటే చిందరవందర అవుతుంది. గిటారులోనూ అంతే, లావు తీగ మిగతా తీగల్ని ముంచేస్తుంది. ఇక్కడ ఆ బాస్‌ని గరగర పుట్టకముందే తీసేశారు. అందుకని కార్డ్ మొత్తం మీటినా లోపల ఏ తీగకి ఆ తీగ విడిగా వినపడుతుంది. ట్రెబుల్ పెంచావు, చెవి చిల్లు పడదా అంటావా? చివరికంటా తిప్పిన వాల్వు ఆ మొన విరిచేస్తుంది. మిగిలేది సాగదీసి పాడే గొంతు. డబ్బా ఒక్కటే పెడితే కీచు, యాంపు ఒక్కటే అయితే బురద. రెండూ ఒకదాని లోపం ఒకటి కప్పుకున్నాయి.

స్రవంతి: ఇంత బాగా చెబుతావు, మరి ఈ లెక్క చూడు. ఏసీ30 బ్రయాన్ ఒక్కడిదేనా? షాడోస్‌లో హ్యాంక్ మార్విన్‌ది వాక్సే. బీటిల్స్‌దీ వాక్సే. మార్విన్ శబ్దం గాజు మీద నీటిబొట్టంత శుభ్రం. ఒకే యాంపు, మనుషులు వేరు, శబ్దాలు వేరు. కేసు అయిపోయింది.

మావయ్య: ఏం అయిపోలేదు. మార్విన్ ఆ యాంపుని శుభ్రంగా పలికే చోట ఉంచాడు, వీడు పగిలే చోటికి తీసుకెళ్లాడు. యాంపు ఒకటే, పనిచేసే పాయింటు వేరు.

స్రవంతి: పాయింటు ఎంచుకున్నది ఎవరు? పైగా ఇంకోటి. స్టేజీ మీద బ్రయాన్ శుభ్రమైన శబ్దం కావాలనుకుంటే ఏ పెడలూ తొక్కడు. గిటారు మీద వాల్యూం నాబ్ కాస్త వెనక్కి తిప్పుతాడు. అదే యాంపు, అదే బూస్టరు, ఏవీ కదల్లేదు, గరగర మాయం. సగం పాట అలా, సగం ఇలా. కుడిచేతి చిటికెనవేలి దగ్గర ఉంది ఆ యంత్రాంగమంతా.

మావయ్య: ...నాబ్ కూడా పరికరమే.

స్రవంతి: అయితే బిళ్ళ కూడా పరికరమేనా?

మావయ్య: నిక్షేపంగా! పిక్ బదులు ఆరు పెన్నీల బిళ్ళ వాడతాడు. ప్లాస్టిక్ పిక్ వంగిపోతుంది, వేలికి తీగ తెలియదు. బిళ్ళ వంగదు. అంచున సన్నటి గాట్లు ఉంటాయి కదా, తీగకి కాస్త ఏటవాలుగా తగిలిస్తే స్వరం మొదట్లో 'క్ర్' అని చిన్న గీత పడుతుంది. మన పాత పావలా కూడా ఇంచుమించు అదే కొలత, అదే కుప్రో నికెల్. నా దగ్గర డబ్బాడున్నాయి, పట్టుకెళ్లు.

స్రవంతి: పట్టుకెళ్తాలే. వాయించి చూస్తే తెలిసేది ఏమిటంటే, దాన్ని గట్టిగా పట్టుకుంటే తీగ తెగుతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. మధ్యలో ఎక్కడ పట్టుకోవాలన్నది బిళ్ళ మీద రాసుండదు. సరే, ఇది వదిలేద్దాం. నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకోటి ఉంది. నువ్వు ఇంతసేపూ ఒక గిటారు, ఒక యాంపు అంటున్నావు. రికార్డులో ఒక గిటారు ఎక్కడుంది? 1974లో వచ్చిన 'క్వీన్ 2' మొదటి ట్రాక్ 'ప్రొసెషన్' విను. గిటారు మీద గిటారు, దాని మీద గిటారు. టేపు మీద పొరలు పొరలుగా వేసుకుంటూ పోయాడు. నిర్మాత రాయ్ థామస్ బేకర్, ఇంజనీరు మైక్ స్టోన్ లాంటి వాళ్లకి అంత ఓపిక ఉండబట్టి కుదిరింది. విన్నవాళ్లు సింథసైజరు అనుకుంటారని, ఆల్బం అట్ట మీద సింథసైజర్లు వాడలేదని అచ్చేయించారు! ఏ గిటారు ఏ స్వరం అందుకోవాలి, ఏది ఎడమ స్పీకర్లో, ఏది కుడిలో అన్నది కూర్పు. అది దుకాణంలో దొరకదు.

మావయ్య: 'ప్రొసెషన్' అన్నావు కనక అడుగుతున్నా. అందులో ఏ యాంపు?

స్రవంతి: ...డీకీ.

మావయ్య: హ! వచ్చిందా నా దారిలోకి. (ఇటు నాకేసి తిరిగి) బావా, ఈ కథ నీకు తెలీదు. క్వీన్‌లో బేస్ గిటారు వాయించే జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. లండన్లో వీధి పక్కన చెత్తతొట్టిలో వైర్లు వేలాడుతూ ఒక సర్క్యూట్ బోర్డు కనిపించింది. ఇంటికి తెచ్చి, చిన్న స్పీకరు డబ్బాలో పెట్టి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలించాడు. అంతే. దానికి వాల్యూం నాబ్ లేదు, టోన్ నాబ్ లేదు. ఆ బోర్డు ఒక చవక ట్రాన్సిస్టర్ రేడియోలోదని చాలా ఏళ్లకి గానీ తేలలేదు. జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. నేను అలాంటి రేడియోలు ఎన్ని విప్పానో! వాటిని సాగదీస్తే గరగర మెత్తగా వస్తుంది, ఊది వాయించే వాద్యంలా. ఆ బోర్డు అచ్చు అలాగే మళ్లీ తయారుచెయ్యడానికి తర్వాత ఇంగ్లండులో బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. కష్టమంతా ఆ ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరే. చేతులే సర్వమైతే, చెత్తలో దొరికిన బోర్డు కోసం ఇంత గోలెందుకమ్మా?

స్రవంతి: ఆ యాంపుతో చేసిన గొప్ప పని ఏది? 1975లో 'ఎ నైట్ ఎట్ ది ఆపెరా' ఆల్బంలో 'గుడ్ కంపెనీ'. పాట చివర్లో పాతకాలపు జాజ్ బ్యాండు మొత్తం వస్తుంది. ట్రంపెట్టు, క్లారినెట్టు, ట్రాంబోను. అవన్నీ గిటారే! ఎలా చేశాడు? ఆ వాద్యాలు వాయించేవాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో, స్వరం ఎలా మొదలై ఎలా ఆగుతుందో విని, కొన్నిచోట్ల ఒకటి రెండు స్వరాల చొప్పున రికార్డు చేసుకుంటూ పోయాడు. ట్రాంబోను జారుడు ట్రెమెలో కడ్డీతో, మిగతావి వాల్యూం పెడలుతో, వా పెడలుతో. నీ డీకీ ఊది వాయించే వాద్యంలా ఉంటుందన్నావు. నిజమే. కానీ క్లారినెట్టు వాడు ఏ స్వరం దగ్గర తడబడతాడో డీకీకి తెలుసా?

మావయ్య: తెలీదు. తెలిసినవాడికి వేరే యాంపిస్తే ఏం చేసేవాడో చెప్పు.

స్రవంతి: ఇంకో దారి వెతికేవాడు. 'వి విల్ రాక్ యూ' చూడు. 1977, వెసెక్స్ స్టూడియో. పాటంతా కాళ్ల చప్పుడు, చప్పట్లు. గిటారు చివర్లో గానీ నోరు విప్పదు. నాలుగైదుగురు చెక్కల మీద తొక్కిన చప్పుడు వేలమంది తొక్కినట్టు ఎలా అయింది? ఎకో వెయ్యలేదు. ప్రతి చప్పుడుకీ రకరకాల దూరాల్లో నిలబడ్డ మనుషుల చప్పుడు ఎంత ఆలస్యంగా మనకి చేరుతుందో లెక్కేసి, అన్ని ఆలస్యాలతో మళ్లీ మళ్లీ వేశాడు. ఆ ఆలస్యాలు ఒకదానికొకటి గుణిజాలైతే చెవి ఎకో అని పట్టేస్తుంది. అందుకని ప్రధాన సంఖ్యల నిష్పత్తులు తీసుకున్నాడు. ఇంపీరియల్ కాలేజీలో ఆకాశంలో ధూళి మీద పరిశోధన మొదలుపెట్టి, బ్యాండు కోసం వదిలేసి, 2007లో వెళ్లి పీహెచ్‌డీ పూర్తిచేసిన మనిషి. ఆ లెక్క ఏ పెడల్లో ఉంది?

మావయ్య: లెక్క బుర్రలోదే. లెక్క ప్రకారం ఆలస్యం చేసి పెట్టింది యంత్రం. ఎకోప్లెక్స్ అనే టేపు డబ్బా తెచ్చి, దాని పట్టాలు పొడుగు చేయించి, స్టేజీ మీద 'బ్రైటన్ రాక్'లో తన వాయింపుకి తనే జవాబు చెప్పేవాడు. కంపెనీ ఇచ్చిన ఆలస్యం చాల్లేదు, అందుకని విప్పి మార్పించాడు. ఇతని దగ్గర ఏ వస్తువూ వచ్చినట్టు ఉండదు. నేను సామాను అంటే నువ్వు కొట్లో అట్టపెట్టె అనుకుంటున్నావు. నేననేది విప్పడం, కలపడం, మళ్లీ విప్పడం.

(నా మట్టుకు, వాదం అసలు ఇక్కడ మొదలైందనిపించింది. అంతవరకూ కామేశ్వరం వస్తువుల గురించి మాట్లాడాడు. ఇప్పుడు చేతుల గురించే మాట్లాడుతున్నాడు, కాకపోతే స్క్రూడ్రైవరు పట్టిన చేతులు. స్రవంతి దాన్ని ఒప్పుకుంటే తన పక్షం సగం ఖాళీ అవుతుంది, ఒప్పుకోకపోతే తండ్రీకొడుకుల రెండేళ్ల శ్రమ లెక్కలోకి రాదు. అది మొండిది. ఇంకో దారి పట్టింది.)

స్రవంతి: అలా అయితే చేసినవాడి గొప్ప చేసినవాడికి పోవాలి, వస్తువుకి ఎందుకు? రెడ్ స్పెషల్ నకళ్లు ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతున్నాయి. ఏసీ30 దొరుకుతుంది. ట్రెబుల్ బూస్టర్లు బోలెడు. చెత్తతొట్టి యాంపుకి కూడా నకలు అమ్మారు. అన్నీ కొనుక్కున్న వాళ్లున్నారు. రెండో బ్రయాన్ మే ఏడీ?

మావయ్య: రాడు. రావాలని నేను అన్లేదు. నీకు ఒకే ఒక్క పాట గుర్తుచేస్తాను, దానికి జవాబు చెప్పు. 1979లో 'క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్'. ఫ్రెడ్డీ ఎల్విస్ కాలం నాటి శైలిలో కట్టాడు. నిర్మాత మ్యాక్ ఫెండర్ టెలీకాస్టర్ వాయించమన్నాడు. బ్రయాన్‌కి ఇష్టం లేదు. డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్ గిటారు ఇచ్చారు, యాంపు కూడా వాక్స్ కాదు, మీసా బూగీ. అదే మనిషి, అవే వేళ్లు. సోలో ఎలా వచ్చింది? 1950ల అమెరికాలో ఎవరో వాయించినట్టు టకటకలాడుతూ వచ్చింది. ఎవరికీ చెప్పకుండా వినిపిస్తే బ్రయాన్ మే అనేవాళ్లు ఎందరు? వేళ్లు ఎక్కడికి పోయాయి మరి?

స్రవంతి: ...ఆ పాటకి ఆ శబ్దమే కావాలి. అతను కావాలని తనని తాను దాచుకున్నాడు.

మావయ్య: దాచుకోవడానికి వేళ్లు మార్చాడా, గిటారు మార్చాడా?

స్రవంతి: వేళ్లు కూడా మార్చాడు! ఆ సోలోలో సాగదీసే స్వరం ఒక్కటైనా ఉందా? అతని మామూలు ఊపు ఉందా? టెలీకాస్టర్ చేతికిస్తే టెలీకాస్టర్ వాడిలా ఆలోచించాడు. రెడ్ స్పెషల్ వాయింపుని దాని మీద రుద్దలేదు.

మావయ్య: అంటే వస్తువు చెయ్యికి పాఠం చెప్పింది.

స్రవంతి: వినే చెవి ఉన్న చెయ్యికి.

మావయ్య: సరే, నీ వాదన నీది. వచ్చే వారం నీకొక బూస్టరు చేసి పంపిస్తాను. ఓసీ44 దొరకదు, ఏసీ128 పెడతాను. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లవి నా దగ్గర పాతవి ఉన్నాయి. లీకేజి తక్కువున్నది ఏరి పెట్టాలి, లేకపోతే బుసబుసలాడుతుంది.

స్రవంతి: నాకెందుకు, ల్యాప్‌టాప్‌లో ఏసీ30 ఉంది, బూస్టరు కూడా ఉంది. మౌసుతో తిప్పుకుంటాను. మా అపార్టుమెంట్లో ముప్పై వాట్ల వాల్వు యాంపు చివరికంటా తిప్పితే అసోసియేషన్ వాళ్లు నన్ను తిప్పి పంపిస్తారు.

మావయ్య: అందుకే గవర్నరుపేట రా. ఆదివారం మధ్యాహ్నం అన్ని షాపులూ మూసేసి ఉంటాయి. మా పాత వాల్వు యాంపుకి కొత్త ఈఎల్84లు వేసి ఉంచుతాను. నీ గిటారు తెచ్చుకో, నువ్వే వాయించు. నాబ్ కూడా నీ ఇష్టం.

స్రవంతి: ల్యాప్‌టాప్ కూడా తెస్తాను. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పాలి నువ్వు.

మావయ్య: చెబుతాను. పావలా బిళ్ళ మరిచిపోకు.